పెరట్లో పరిచే కంకర: డెల్టా నేల మీద లెక్క కట్టడం ఎలా

గోదావరి డెల్టాలో రాయి పుట్టదు. నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రే ఇక్కడి నేల. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టకు ధవళేశ్వరాన్ని ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో పక్కనే కొండరాయి అందుబాటులో ఉండటం ఒకటి. ఆ కొండ దాటి సముద్రం వైపు దిగితే అంతా పొలాలూ, కొబ్బరి తోటలూ, కాలువలే. అమలాపురంలోనో రాజోలులోనో ఇంటి ముందు పరిచే కంకర పంగిడి, గౌరీపట్నం పరిసరాల నల్లరాతి క్వారీల నుంచో, రాజమహేంద్రవరం చుట్టుపక్కల మెట్ట ప్రాంతపు క్రషర్ల నుంచో రావలసిందే. కోనసీమలోకి ఏ వైపు నుంచి వచ్చినా గౌతమినో వశిష్ఠనో దాటాలి. తక్కువ పడిన అర ట్రక్కు రాయి కోసం అంత దూరం మరో బండి తిప్పించాలంటే కిరాయే రాయి ధరను మించిపోవచ్చు. ఎక్కువ తెప్పిస్తే ఆ గుట్ట వాకిట్లో ఒక మూల పడి ఉండి, రెండు వానలకే గడ్డి మొలిచి, మట్టితో కలిసి ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

ఇంటి చుట్టూ తోట తీర్చిదిద్దుకోవడం ఈ ప్రాంతంలో బాగా పెరిగింది. కడియపులంక నర్సరీలకు వెళ్లి మొక్కలను ఒక్కొక్కటిగా ఎంచి, బేరమాడి, లెక్కపెట్టి తెచ్చుకునేవారే రాయి దగ్గరకు వచ్చేసరికి “రెండు లారీలు తోలించండి, చూద్దాం” అన్న మాటతో సరిపెట్టుకుంటారు. నిజానికి ఈ లెక్క పెద్ద కష్టమైనది కాదు. పొడవు, వెడల్పు, మందం గుణిస్తే ఘనపరిమాణం వస్తుందని అందరికీ తెలుసు. పొడవు వెడల్పులను టేపుతో కొలుస్తారు కాబట్టి అక్కడ పొరపాటు తక్కువ. మందాన్ని మాత్రం ఎవరూ కొలవరు, ఊహిస్తారు. తెప్పించిన రాయి చాలకపోయిన చోట చాలా మటుకు కారణం అక్కడే ఉంటుంది. మెత్తటి డెల్టా నేల మీద ఆ ఊహ మరీ తేలిగ్గా తప్పుతుంది.

సెంటు, అంగుళం, యూనిట్

ఇక్కడ స్థలాన్ని సెంట్లలో చెప్పుకుంటారు, రాయిని యూనిట్లలో కొంటారు. యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. సెంటు స్థలంలో ఒక అంగుళం మందాన రాయి పరిస్తే 36.3 ఘనపు అడుగులు పడుతుంది. ఒక ఘన మీటరు 35.3 ఘనపు అడుగులు కాబట్టి, సెంటుకు అంగుళం చొప్పున పరిచే రాయి దాదాపు ఒక ఘన మీటరు అన్నమాట. తేడా మూడు శాతం లోపే. క్రషర్ దగ్గర ఘన మీటర్లలో చెప్పినా, ఇంటి దగ్గర సెంట్లలో ఆలోచించినా ఈ ఒక్క సంబంధం గుర్తుంటే లెక్క నోటితోనే కట్టవచ్చు. మూడు సెంట్ల వాకిలికి నాలుగు అంగుళాలంటే పన్నెండు ఘన మీటర్లు, అంటే నాలుగు యూనిట్లకు కాస్త పైన.

చిన్న స్థలాలకు మరో సూత్రం సులువు. 1200ను మందం అంగుళాలతో భాగిస్తే ఒక యూనిట్ రాయి ఎన్ని చదరపు అడుగులకు సరిపోతుందో తెలుస్తుంది. రెండు అంగుళాలైతే 600, నాలుగైతే 300, ఆరైతే 200.

స్థలం చతురస్రంగా ఉండాలని లేదు. వంకర బాట అయితే పొడవునా పదేసి అడుగులకు ఒకచోట వెడల్పు కొలిచి సగటు తీయాలి. కొబ్బరి చెట్లున్న పెరడైతే పాదుల విస్తీర్ణం తీసివేయాలి. కొబ్బరి చెట్టుకు ఎరువు వేసే పాదు మొదలు నుంచి సుమారు ఆరడుగుల దాకా ఉంటుంది. అక్కడ కంకర పరిస్తే ఎరువు వేయడానికీ, తవ్వడానికీ వీలుండదు. ఒక్కో పాదు 113 చదరపు అడుగులు. పది సెంట్ల పెరట్లో ఏడు చెట్లుంటే పాదులకే 790 చదరపు అడుగులు పోతాయి, అంటే 1.8 సెంట్లు. దీన్ని తీసివేయకుండా నాలుగు అంగుళాలకు లెక్క కడితే రెండున్నర యూనిట్లకు మించి అనవసరంగా తెప్పించినట్టే.

మందం ఎంత అనుకోవాలి

పైన కనిపించే పొరకు 12 ఎంఎం గానీ 20 ఎంఎం గానీ కంకర వాడితే రెండు అంగుళాలు చాలు. పొర మందం అందులోని పెద్ద రాయికి కనీసం రెండింతలు ఉండాలి. లేకపోతే అడుగు కనిపిస్తుంది. అందంగా ఉంటుందని నాలుగు అంగుళాల దాకా విడి కంకర పోయడం మాత్రం తప్పు. నడిచేవారి కాలు, స్కూటర్ చక్రం అందులో దిగబడతాయి, పెద్దవాళ్లకు అది మరీ ఇబ్బంది. బలం ఇచ్చేది కింది పొర. మనుషులు నడిచే బాటకు మూడు నాలుగు అంగుళాలు, కారు వచ్చే దారికి ఆరు అంగుళాల పునాది పొర కావాలి. దానికి ఒకే సైజు రాయి పనికిరాదు. 40 ఎంఎం నుంచి డస్ట్ (క్రషర్ రాతిపొడి) దాకా అన్ని సైజులూ కలిసిన మిశ్రమం, క్రషర్ల దగ్గర వెట్ మిక్స్ అని అడిగితే ఇచ్చేది, రోలర్ కింద గట్టిగా బిగుసుకుంటుంది. గ్రావెల్ అని అడిగితే మాత్రం ఎర్రమట్టి వస్తుంది. అది మెరక చేయడానికి పనికొస్తుంది కానీ ఈ పనికి కాదు.

బిగుసుకోవడమే లెక్కను మార్చేస్తుంది. విడిగా పోసిన మిశ్రమం తడిపి తొక్కించాక అయిదో వంతు తగ్గుతుంది. కాబట్టి తొక్కించిన తరువాత ఆరు అంగుళాలు మిగలాలంటే ఏడున్నర అంగుళాలు పోయాలి, అంటే ఘనపరిమాణాన్ని 1.25తో గుణించాలి. ఒకే సైజు 20 ఎంఎం అంతగా తగ్గదు, దానికి పది శాతం కలిపితే చాలు. రోలర్ లేకుండా దిమ్మిసతో కొట్టి ఊరుకుంటే ఆ రోజుకు తగ్గుదల తక్కువే కనిపిస్తుంది. మిగిలిన తగ్గుదలను కారు చక్రాలు తరువాత పూర్తి చేస్తాయి, అదీ రెండు గాళ్ల రూపంలో.

సైజుల విషయంలో ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. 40 ఎంఎం రాయి పరిచి, సందుల్లోకి డస్ట్ కొట్టించాలనుకునేవారు రెండింటి మందాలనూ కూడి ఆర్డరు ఇస్తారు. ఒకే సైజు కంకరలో రాళ్ల మధ్య ఖాళీ నలభై నుంచి నలభై అయిదు శాతం దాకా ఉంటుంది. డస్ట్ చాలా వరకు ఆ ఖాళీలోకే దిగిపోతుంది, మందం పెద్దగా పెరగదు. ఒక యూనిట్ 40 ఎంఎం రాయికి 25 నుంచి 30 ఘనపు అడుగుల దాకా డస్ట్ కలపడం సబబు. అంతకు మించి తెప్పిస్తే అది పైన తేలి, ఎండలో దుమ్మై, వానలో బురదై ఇంట్లోకి వస్తుంది.

కింద ఉన్న నేల

డెల్టా నడిబొడ్డున బంకమన్ను ఎక్కువ. వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బి మెత్తబడుతుంది. తడిసిన బంకమన్ను మీద రాయి పోసి కారు నడిపితే కింది వరస రాళ్లు మట్టిలోకి దిగుతాయి, రాళ్ల సందుల గుండా మట్టి పైకి తోసుకొస్తుంది. కళ్లకు కనిపించకుండా ఒకటిన్నర రెండు అంగుళాల రాయి అలా నేల పాలవుతుంది. రెండు మూడేళ్లకోసారి “కంకర అంతా ఎటు పోయింది” అని మళ్లీ తోలించుకునే ఇళ్లలో జరుగుతున్నది ఇదే. పైన ఎంత పోసినా కింద మట్టికీ రాయికీ మధ్య అడ్డు లేనంత కాలం ఆ తిండి ఆగదు.

ఆ అడ్డే జియోటెక్స్‌టైల్ గుడ్డ. నీటిని కిందికి పోనిస్తుంది, మట్టిని పైకి రానివ్వదు. ఇది వేస్తే దిగుబాటు కోసం అదనపు రాయి కలపనక్కరలేదు. దూరం నుంచి తెచ్చే రాయితో పోలిస్తే గుడ్డ ఖర్చు ఎక్కువ ఇళ్లలో గిట్టుబాటు అవుతుంది. దాని బదులు ప్లాస్టిక్ షీటు పరచడం మంచిది కాదు. నీళ్లు దాని మీదే నిలుస్తాయి, భూగర్భ జలం పైపైనే ఉండే ఈ ప్రాంతంలో వాకిలి ఊబిలా తయారవుతుంది. గుడ్డ లేకుండా చేసేట్టయితే బంకమన్ను మీద కారు దారికి ఒకటిన్నర అంగుళం, నడక బాటకు ముప్పావు అంగుళం అదనంగా లెక్కలో వేసుకోవాలి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరప్రాంత ఇసుక నేలల్లో ఈ దిగుబాటు తక్కువ. అక్కడ రాయి కిందికి పోకపోయినా పక్కలకు జరుగుతుంది. అంచు వెంబడి ఇటుక గానీ రాతిపలక గానీ పాతితే ఆ నష్టం ఆగుతుంది. అంచు లేకపోతే పొర చివర వాలుగా జారుతుంది కాబట్టి, ఆరు అంగుళాల పొరకు ప్రతి పక్కా మరో ఆరేడు అంగుళాల వెడల్పున రాయి చిందుతుంది. పొడవాటి సన్నని బాటకు ఈ చిందుడు చిన్న విషయం కాదు.

మెరక చేసిన కొత్త స్థలాల సంగతి వేరు. చెరువు మట్టితోనో బొండు ఇసుకతోనో పల్లం పూడ్చిన చోట ఒక్క వానాకాలమైనా గడవకుండా కంకర పోయడం డబ్బు పారబోసుకోవడమే. కింది మట్టి కూరుకునే కొద్దీ పైన గుంటలు పడతాయి, ఆ గుంటలన్నిటినీ రాయితోనే పూడ్చుకోవాల్సి వస్తుంది.

పల్లాన్ని కొలవడం

నేల చదునుగా ఉందని కంటితో తేల్చేయడం వల్ల వచ్చే తేడా చాలామంది ఊహించనంత ఉంటుంది. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు ఇందుకు చాలు. పూర్తయిన మట్టం ఎక్కడికి రావాలో గోడ మీద గీత పెట్టుకుని, ఆ మట్టాన్ని ట్యూబుతో స్థలమంతా తీసుకెళ్లి, పాతిన పుల్లల మీద గుర్తులు పెట్టి, గుర్తు నుంచి నేల దాకా కొలవాలి. 30 అడుగుల చదరం వాకిలి అనుకుంటే పదిహేనేసి అడుగులకు ఒకటి చొప్పున తొమ్మిది చోట్ల లోతు తీయవచ్చు. నాలుగు మూలల్లో నాలుగేసి అంగుళాలు, అంచుల మధ్య 5, 6, 5, 6, నట్టనడుమ 9 వచ్చాయనుకుందాం. తొమ్మిదింటినీ కూడి తొమ్మిదితో భాగిస్తే 5.2 అంగుళాలు. కానీ ఇది సరైన సగటు కాదు. స్థలాన్ని నాలుగు గళ్లుగా చూస్తే మూల కొలత ఒక గడికే చెందుతుంది, అంచు కొలత రెండింటికి, నడిమి కొలత నాలుగింటికీ చెందుతుంది. అందువల్ల మూలలను ఒకసారి, అంచులను రెండుసార్లు, నడిమిదాన్ని నాలుగుసార్లు వేసుకోవాలి. మూలలు 16, అంచులు 44, నడుమ 36, మొత్తం 96. దాన్ని 16తో భాగిస్తే సరిగ్గా ఆరు అంగుళాలు.

ఆరు అంగుళాలకు 450 ఘనపు అడుగులు. మామూలు సగటుతో కడితే 392. తేడా 58 ఘనపు అడుగులు, అంటే అర యూనిట్ పైనే. వాకిళ్లు సాధారణంగా నడుమనే కుంగుతాయి కాబట్టి మామూలు సగటు ఎక్కువసార్లు తక్కువ వైపే తప్పుతుంది. అయితే ఈ తొమ్మిది అంగుళాల పల్లాన్ని కంకరతోనే నింపాలని లేదు. ఎర్ర గ్రావెల్‌తో సమం చేసి, తడిపి, తొక్కించి, ఆ తరువాత ఒకే మందాన రాయి పరిస్తే ఖర్చు తగ్గుతుంది, లెక్కా సులువవుతుంది.

ఒక దారి లెక్క

గేటు నుంచి ఇంటి దాకా 60 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు కారు దారి. బంకమన్ను నేల, గుడ్డ వేయడం లేదు. చదును చేయడం అయిపోయింది. పునాది ఆరు అంగుళాలు, పై పొర రెండు అంగుళాలు. మామూలుగా అయితే 600 చదరపు అడుగులను ఎనిమిది అంగుళాలతో గుణించి 400 ఘనపు అడుగులు, నాలుగు యూనిట్లు అని చెప్పేస్తారు.

విడివిడిగా చూద్దాం. పునాదికి తొక్కించాక కావలసినది 300 ఘనపు అడుగులు, విడి రాయిగా 375. మట్టిలోకి దిగే ఒకటిన్నర అంగుళానికి మరో 75. పై పొరకు 100, పది శాతం కలిపితే 110. మొత్తం 560 ఘనపు అడుగులు. నాలుగు యూనిట్లని తెప్పించిన ఇంట్లో ఒక యూనిట్, ఆపైన మరో 60 ఘనపు అడుగులు తక్కువ పడతాయి. పునాది పోసేటప్పుడు ఆ కొరత తెలియదు. పై పొర సగం దారి పరిచాక బయటపడుతుంది. అప్పటికి రోలర్ వెళ్లిపోయి ఉంటుంది, కూలీలు కూర్చుని ఉంటారు. గుడ్డ వేస్తే అవసరం 485కి తగ్గుతుంది. గుడ్డ కొనాలా వద్దా అన్నది ఆ 75 ఘనపు అడుగుల రాయి ధర, కిరాయి ఎంతవుతాయో చూసుకుని తేల్చుకోవచ్చు.

రెండు రకాల రాయినీ వేర్వేరుగానే ఆర్డరు ఇవ్వాలి. ‘ఐదున్నర యూనిట్లు కంకర’ అని మొత్తంగా చెబితే ఏ రకం ఎంత వస్తుందో బండి వచ్చేదాకా తెలియదు.

కొలతా, తూకమా

యూనిట్ రాయి ఎన్ని టన్నులు అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. విడి కంకర ఘన మీటరుకు టన్నున్నర నుంచి 1.6 టన్నుల దాకా తూగుతుంది. ఆ లెక్కన యూనిట్ నాలుగుంపావు నుంచి నాలుగున్నర టన్నులు. గౌరీపట్నం వైపు నల్లరాయి బసాల్ట్ జాతిది, మామూలు కొండరాయి కంటే బరువు. అందువల్ల టన్నుల్లో కొన్నప్పుడు నల్లరాయి పరిమాణం కొద్దిగా తక్కువగా వస్తుంది. అందులో మోసం ఏమీ లేదు.

సందేహం ఉంటే తేల్చుకోవడానికి ఖాళీ పెయింట్ బకెట్ చాలు. 20 లీటర్ల బకెట్‌ను కొనబోయే కంకరతో అంచు దాకా నింపి, ధాన్యం తూచే కాటా మీద పెట్టి, బకెట్ బరువు తీసివేయాలి. 30 కిలోలు వస్తే ఘన మీటరుకు టన్నున్నర, 32 వస్తే 1.6. అదే బకెట్‌లో రాయి అలాగే ఉంచి అంచు దాకా నీళ్లు పోస్తే ఎన్ని లీటర్లు పట్టాయో అంత ఖాళీ ఉన్నట్టు. ఎనిమిది లీటర్లు పడితే నలభై శాతం. డస్ట్ ఎంత కావాలో దాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఇక బండి కొలత. టిప్పర్ తొట్టి లోపల 14 అడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు ఉంటే సమంగా నింపినప్పుడు 420 ఘనపు అడుగులు. క్రషర్ దగ్గర అంచు దాకా నిండిన రాయి ఇంటికి వచ్చేసరికి నాలుగు అంగుళాలు దిగి కనిపిస్తుంది, కొలిస్తే 35 ఘనపు అడుగులు తగ్గుతుంది. దారిలో కుదుపులకు రాయి సర్దుకోవడం వల్ల వచ్చే తగ్గుదల ఇది. కింద పోయగానే మళ్లీ విడిపోతుంది. ఇలాంటి చోట డ్రైవర్‌తో గొడవలు తరచూ అవుతుంటాయి, చాలా వాటికి అవసరమే లేదు. కాటా చీటీ ముందే అడిగి ఉంచుకుంటే సర్దుకున్నా విడిపోయినా బరువు మారదు కనుక మాట తేలిపోతుంది. డస్ట్ మాత్రం దీనికి మినహాయింపు. వానలో తడిసిన డస్ట్‌ను తూకంలో కొంటే పది టన్నుల్లో అర టన్నుకు పైగా నీళ్లే ఉండవచ్చు. వానాకాలంలో డస్ట్‌ను తొట్టి కొలతకు తీసుకోవడమే నయం, అదీ తడికి పొంగిన డస్ట్ కొంత ఎక్కువ చోటు ఆక్రమిస్తుందని తెలుసుకుని.

కాలువ గట్ల మీది సన్నని రోడ్లూ, పాత వంతెనలూ పెద్ద టిప్పర్‌ను ఇంటి దాకా రానివ్వవు. రాయి మెయిన్ రోడ్డు పక్కన దిగి, అక్కడి నుంచి ట్రాక్టర్ ట్రక్కుల్లో వస్తుంది. దిగిన ప్రతి చోటా గుట్ట అడుగున అంగుళం రాయి మట్టితో కలిసి పోతుంది. పన్నెండు అడుగుల వ్యాసమున్న గుట్ట కింద అది తొమ్మిది పది ఘనపు అడుగులు. టార్పాలిన్ మీద దింపిస్తే ఆ రాయి దక్కుతుంది. రెండుసార్లు దించాల్సి వచ్చే ఇంటికి ఈ నష్టం లెక్కలో ఉండి తీరాలి.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది కూడా పరిమాణాన్ని మారుస్తుంది. రబీ కోతలయ్యాక కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిగా ఉంటుంది, బండ్లు దిగబడవు. కానీ నెర్రెలు విచ్చిన నేల మీద నేరుగా పోస్తే చిన్న రాయి, డస్ట్ వాటిలోకి జారిపోతాయి. ముందు రోజు నీళ్లు చల్లి, నెర్రెల్లోకి ఇసుక దులిపి, దిమ్మిసతో గట్టిపరచి మరునాడు రాయి పోయాలి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక, వానలు పట్టాక మొదలుపెడితే పైన చెప్పిన ఒకటిన్నర అంగుళం దిగుబాటు రెండు అంగుళాలు దాటవచ్చు.

మొదటి వానాకాలం గడిచాక పై పొరలో అర అంగుళం దాకా సర్దుబాటు కనిపిస్తుంది. పై లెక్కలోని 60 అడుగుల దారికి అది 25 ఘనపు అడుగులు. అంత కొంచెం కోసం ఏ బండీ రాదు, వచ్చినా గిట్టదు. కాబట్టి పై పొర రాయి ఆర్డరు ఇచ్చేటప్పుడే 110 బదులు 135 ఘనపు అడుగులు చెప్పి, మిగిలినదాన్ని పాత ఎరువుల సంచుల్లో నింపి, మట్టి అంటకుండా చూరు కింద ఉంచుకోవాలి. కార్తీకం వెళ్లాక, వానలు తెరిపిచ్చి నేల ఆరినప్పుడు గాళ్లలో పోసి పళ్ల రేక్‌తో సర్దితే సరిపోతుంది.